పెద్దక్క హస్తవాసి

నూలు మిల్లు వెనకాల, గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్ళ వరసలో మంత్రసాని ఇల్లు ఒకటి. రెండు గదులు, ఒక వంటిల్లు, మేడ మీదికి ఇనుప మెట్లు. ఆ ఇంటి తలుపుకి గొళ్ళెం ఉండేది గాని, వేసి ఉండగా చూసినవాళ్ళు లేరు. ఎవరి మొగుడు ఏ వేళప్పుడు రొప్పుకుంటూ వచ్చి "అక్కా, మొదలయ్యాయి" అంటాడో తెలియదు కదా. ఆమెకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికీ లేకపోయింది. పసివాళ్ళ దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరికీ ఆమె పెద్దక్కే. తరవాత్తరవాత దేశం మొత్తం అదే పిలుపు అందుకుంది.

మనిషి పొట్టి, గొంతు గట్టి. పని తల్లి దగ్గర నేర్చుకుంది, హాస్యం మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పుట్టుకతోనే వచ్చింది. నొప్పులు పడుతున్న పిల్ల పక్కన కూర్చుని ఆ పిల్ల అత్తగారి నడక అనుకరించి చూపించేది. ఆ పిల్ల ఏడుపు మధ్యలో పకపకా నవ్వేది. "నవ్విందంటే సగం పని అయిపోయినట్టే, మిగతా సగం బిడ్డే చూసుకుంటుంది" అనేది పెద్దక్క. హస్తవాసి మంచిదని పేరు. పక్క పేటల నుంచి కూడా మనుషులు వచ్చి పిలుచుకుపోయేవారు.

ఆమె భర్త సన్నగా, తాటిచెట్టంత పొడుగు. పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ వాయించే బ్యాండు మేళంలో బాకా ఊదేవాడు. వీధిలో అందరూ బాకా మామ అనేవారు. మనసు వెన్న. సంగీతం మాత్రం అంతంత. ఆయన మేడ మీద సాధన మొదలుపెడితే వీధికుక్కలు పక్కవీధికి వలస పోయేవి. పెద్దక్క మాత్రం ఏనాడూ ఆయన్ని ఆపలేదు. "నేను చూసే బిడ్డలు అంతకన్నా ఘోరంగా మొదలుపెడతారు. వాళ్ళని ఆపుతున్నానా?" అనేది. ఒక్కతే కూతురు. రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేది. మంత్రసాని కడుపున పుట్టి ఇదేం చోద్యమే అని వీధంతా నవ్వేవారు.

ఆ రోజుల్లో దేశం పరాయి దొరల చేతిలో ఉండేది. మిల్లులో కూలివాళ్ళు సమ్మె కట్టారు. దొరలు వీధుల్లోకి సైన్యాన్ని దింపి, పట్టపగలే ఎవరూ గడప దాటకూడదని ఆజ్ఞ వేశారు. సరిగ్గా ఆ రోజే, మిల్లు బాయిలరులో బొగ్గు వేసే అతని భార్యకి నొప్పులొచ్చాయి. తొలికాన్పు. పొద్దున మొదలైన నొప్పులు మధ్యాహ్నానికి కూడా తెమల్లేదు. పెద్దక్క కడుపు మీద చెయ్యి వేసి చూసి, ఆస్పత్రికి తీసుకుపోవడమే మంచిదంది. తోపుడుబండి మీద పరుపు వేసి, పిల్లని పడుకోబెట్టి, ఆ పిల్ల భర్త తోస్తుంటే పెద్దక్క పక్కన నడిచింది. ఆస్పత్రి వంతెనకి అవతల. వంతెన మొదట్లో సైనికులు తుపాకులు అడ్డం పెట్టారు.

"అనుమతి కాగితం ఏది?" అన్నాడు వాళ్ళ అధికారి.

"ఈ బండి మీదుంది చూడు, ఇదే కాగితం" అంది పెద్దక్క.

"పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా కదలడానికి వీల్లేదు."

ఇలా వాళ్ళు వాదించుకుంటుండగా, అంత దూరం రాళ్ళ రోడ్డు మీద బండి పెట్టిన కుదుపులకి లోపలి బిడ్డ ఒక నిర్ణయానికి వచ్చేసింది. పిల్ల కేక పెట్టింది. పెద్దక్క ఒక్క చూపు చూసి విషయం గ్రహించింది. ఇక వంతెన దాటే పని లేదు. నడుముకి కొంగు బిగించి సైనికుల వైపు తిరిగింది.

"మీలో అమ్మ కడుపున పుట్టనివాళ్ళెవరన్నా ఉంటే ఇటే చూస్తూ ఉండండి. మిగతావాళ్ళంతా అటు తిరగండి."

ముందు చివరనున్న ఒక కుర్ర సైనికుడు తిరిగాడు. అతన్ని చూసి పక్కవాడు. బూట్లు రాళ్ళ మీద గరగరలాడుతుంటే వరస మొత్తం నది వైపు తిరిగిపోయింది. అధికారి ఒక్కడే మిగిలాడు. పెద్దక్క అతనికేసి చూసింది. అతనూ తిరిగాడు. "మీ లారీ మీద గుడ్డ కప్పారుగా, అది ఇప్పించు బాబూ, చాటు కావాలి" అంది. ఇప్పించాడు. వేడినీళ్ళు అడిగితే టీ కోసం కాచుకున్న నీళ్ళు ఇప్పించాడు. కాసేపటికి వంతెన మీద ఆడపిల్ల కేరుమంది. నది వైపు తిరిగి నిలబడ్డ సైనికుల్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి, అధికారి దగ్గేసరికి మానుకున్నారు.

ఆ సాయంత్రానికల్లా కథ పట్నమంతా పాకింది. దొరల సైన్యానికే బడిపిల్లల్లా గోడకేసి తిరిగి నిలబడే శిక్ష వేసింది మన మంత్రసాని అని జనం కథలు కథలుగా చెప్పుకున్నారు. దొరలకి ఒళ్ళు మండింది. ఇకమీదట మంత్రసానులు కూడా దరఖాస్తు పెట్టుకుని అనుమతి తెచ్చుకోవాలని కొత్త ఉత్తర్వు వేశారు. పెద్దక్క పట్నంలో ఉన్న మంత్రసానులందరినీ పోగు చేసుకుని దొరల కచేరీకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని, కాన్పు ఏ రోజు, ఏ గంటకి అవుతుందో ముందుగా రాసివ్వాలన్నాడు.

"కింద సంతకం ఎవరు పెట్టాలి బాబూ?" అని అడిగింది పెద్దక్క. "పుట్టబోయేవాడు వచ్చి పెడితే సరిపోతుందా?"

గుమాస్తాకే నవ్వొచ్చింది. కానీ ఉత్తర్వు ఉత్తర్వే. ఆ రోజు కచేరీ మెట్ల మీద మంత్రసానులంతా ఒక మాట అనుకున్నారు. ఎవరినీ అనుమతి అడగకూడదు. పిలుపు వస్తే వెళ్ళిపోవడమే. పట్టుకుంటే పట్టుకోనీ. ఆ వారంలో దొరలు కొందరిని పట్టుకుపోయి ఠాణాలో కూర్చోబెట్టారు. వాళ్ళ వెనకే పురిటినొప్పుల ఇళ్ళవాళ్ళంతా ఠాణా ముందు గుమిగూడారు. అత్తగార్లు, మామగార్లు, బావలు, మరుదులు. ఠాణా సంతలా తయారైంది. ఉత్తర్వు చడీచప్పుడు లేకుండా వెనక్కి పోయింది.

అప్పుడు వచ్చాడు ప్లీడరు. పట్నంలో స్వాతంత్ర్యోద్యమానికి ఆయనే పెద్ద. ఎముకల గూడు లాంటి మనిషి, పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవాడు. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే ముందు వరస చెవులప్పగించేది, వెనక వరస కునికిపాట్లు పడేది.

"అక్కగారూ, ఆదివారం మైదానంలో సభ ఉంది. మీరు వచ్చి మాట్లాడాలి" అన్నాడు.

"నాకు ఉపన్యాసాలేం వస్తాయి బాబూ? నాకు వచ్చిందల్లా బిడ్డల్ని పట్టడం."

"అదే చెప్పండి."

వెళ్ళింది. బల్ల ఎక్కితే గాని జనానికి కనపడలేదు. ముందు వరసలో బొగ్గు వేసే అతనూ, భార్యా, ఒళ్ళో వంతెన మీద పుట్టిన పిల్లా కనిపించారు. ఆ పిల్లని చూడగానే మాట దొరికింది. "నొప్పులు మొదలయ్యాక బిడ్డని లోపలే ఉండిపొమ్మని ఏ దొరా ఆజ్ఞ వెయ్యలేడు" అంది. "దేశానికి నొప్పులు మొదలయ్యాయి. ఇది నేను చెయ్యి పెట్టి చూసి చెప్తున్న మాట. ఇక మనం చెయ్యాల్సింది కంగారు పడకుండా పక్కన నిలబడటమే." అంతే ఆ ఉపన్యాసం. బల్ల దిగిపోయింది. ఆ రోజు వెనక వరసలో ఎవరూ నిద్రపోలేదు.

ఆ తరవాత ఉద్యమం పెద్దక్క ఇంట్లోకి కాపురానికి వచ్చేసింది. రహస్య సమావేశాలన్నీ ఆ ముందుగదిలోనే. మంత్రసాని ఇంటికి ఎవరు వచ్చినా ఎందుకని అడగరు. బాకా మామకి కాపలా ఉద్యోగం ఇచ్చారు. ఆయన మేడ మీద సాధన చేస్తూ ఉండాలి, పోలీసులు కనపడితే ఒక అపస్వరం వెయ్యాలి. ఏర్పాటు బాగానే ఉంది. ఆయన బాకాలో అపస్వరం ఎప్పుడు లేదు గనకా? మొదటి సమావేశంలో ప్లీడరు నోరు తెరిచీ తెరవకముందే మేడ మీంచి ఒక భయంకరమైన కూత వినిపించింది. పెద్దమనుషులంతా పెరటి గోడ దూకారు. ప్లీడరు పంచె గోడ మీద మేకుకి తగులుకుంది. బాకా మామ కిందికి దిగి వచ్చి, ఖాళీ గది చూసి, "ఏమోయ్, వీళ్ళంతా ఎక్కడికి పోయారు?" అని అడిగాడు.

"మీరు ఊదారుగా" అంది పెద్దక్క, నవ్వాపుకోలేక.

"అది పాటే."

మర్నాటి నుంచి ఏర్పాటు తిరగేశారు. ఆయన ఊదుతున్నంతసేపూ క్షేమం, ఆపితే ప్రమాదం. ఆ పద్ధతి మూడేళ్ళు బంగారంలా పనిచేసింది. పాపం వీధివాళ్ళు కూడా దేశం కోసం ఆ కష్టం భరించారు.

చివరికి ఒక ఉదయం బాకా ఆగింది. పోలీసు ఇన్‌స్పెక్టరు జీపు దిగి, చేతికర్ర తిప్పుకుంటూ లోపలికి వచ్చాడు. వచ్చినవాడు తల పైకెత్తడు.

"అక్కా, మిమ్మల్ని అరెస్టు చెయ్యమని ఉత్తర్వు" అన్నాడు. గొంతు తగ్గించాడు. "మా ఆవిడకి ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ కాన్పు అయ్యాక చెయ్యనా?"

"వాయిదా వేస్తే నీ ఉద్యోగం పోతుంది నాయనా. ఇప్పుడే చెయ్యి. ఆ వేళకి లాకప్పులోంచి తీసుకుపో. ఖైదీ ఎక్కడికి పోయింది, నీ ఇంటికేగా."

అలాగే జరిగింది. మర్నాడు మధ్యాహ్నం లాకప్పులోంచి పెద్దక్కని ఇన్‌స్పెక్టరు ఇంటికి తీసుకుపోయారు. గుమ్మంలో ఇద్దరు కానిస్టేబుళ్ళు కాపలా. లోపల కవల ఆడపిల్లలు. ఇన్‌స్పెక్టరు చెరొక చేతిలో ఒకర్ని పట్టుకుని గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపుతోనే ఆమెని జీపెక్కించి జైలుకి తీసుకుపోయాడు. "ఏడవకయ్యా, ముందు రోడ్డు చూసుకో" అని దారి పొడుగునా పెద్దక్కే అతన్ని ఓదార్చాల్సి వచ్చింది.

జైల్లో రెండేళ్ళ పైన ఉంది. ఆ రోజుల గురించి తరవాత చాలామంది అడిగేవారు. నవ్వించే సంగతులే చెప్పేది. చెప్పనిది ఒకటుంది. తనకి పని నేర్పిన తల్లి ఆ మధ్యలోనే కన్నుమూసింది. ఆఖరి చూపుకి పంపలేదు. ఆ వార్త విన్న రోజు పెద్దక్క ఆడఖైదీల గదిలో గోడ వైపు తిరిగి పడుకుంది. తిండి ముట్టలేదు. సాయంత్రం పక్క చాప మీదున్న దొంగతనం కేసు పిల్ల, నిండు చూలాలు, మెల్లిగా వచ్చి "అక్కా, నాకు నీళ్ళు పోయాయి" అంది. పెద్దక్క లేచింది. ముఖం కడుక్కుంది. అమ్మ నేర్పినట్టే చేతులు మోచేతుల దాకా తోముకుంది. పిల్లవాడు బొద్దుగా పుట్టాడు. వేరే చోటు లేక, ఖైదీలు చెప్పులు కుట్టే చీకటి కొట్టులో, రాతినేల మీద ఆ కాన్పు జరిగింది. మర్నాడే పెద్దక్క జైలరు ముందు నిలబడి, కాన్పులకి వెలుతురున్న గదీ, వేడినీళ్ళూ ఇచ్చేదాకా ఏ ఆడమనిషీ పని ముట్టదని చెప్పింది. ఖైదీలంతా చేతులు కట్టుకు కూర్చున్నారు. ఆడ వార్డర్లు లోలోపల వాళ్ళ పక్షమే. జైలరు నెలరోజులు బిగుసుకు కూర్చుని, చివరికి తన సొంత ఆఫీసు గది ఖాళీ చేసి ఇచ్చాడు. దానికి కిటికీలు రెండు.

ఆమె బయటికి వచ్చిన మరుసటేడు దొరలు మూటాముల్లె సర్దుకున్నారు. జెండా ఎగరేసే ఉదయం పట్నమంతా మైదానంలో ఉంది. వేదిక మీద పెద్దక్క కోసం కుర్చీ వేసి ఉంచారు. ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. జెండా పైకి వెళ్ళేవేళకి ఆమె ఒక బండివాడి ఇంటి వెనకగదిలో ఉంది. దూరాన బ్యాండు మేళం మోగింది. అందులో ఒక బాకా మిగతావాటికన్నా అర అడుగు వెనక నడుస్తోంది. "అదిగో, మా ఆయన" అంది పెద్దక్క. నొప్పుల్లో ఉన్న ఇల్లాలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోనే పిల్లవాడు బయటపడ్డాడు.

ఇక తన పని తాను చేసుకుందామనుకుంది. ప్లీడరు పడనివ్వలేదు. మొదటి ఎన్నికల్లో నిలబడమని ఇంటి చుట్టూ తిరిగాడు. ఎదుటి పక్షాన నిలబడింది మిల్లు యజమాని కొడుకు. కార్లు, మైకులు, రంగుకాగితాలు. ఒకరోజు అతను వీధి మలుపులో సభ పెట్టి, "బిడ్డల్ని పట్టే చేతులకి పరిపాలన ఏం తెలుస్తుంది?" అని గట్టిగా అడిగాడు. జనంలో కుర్చీ వేసుకు కూర్చున్న అతని తల్లి చేతికర్ర నేలకేసి కొట్టింది.

"నిన్ను పట్టింది కూడా ఆ చేతులేరా సన్నాసీ. కాళ్ళు ముందుకి పెట్టి అడ్డదిడ్డంగా వచ్చావు. ఆవిడ లేకపోతే నువ్వూ లేవు, నీ మైకూ లేదు."

సభ నవ్వులతోనే ముగిసింది. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు, నియోజకవర్గంలో సగం మంది ఆమె చేతుల మీదుగా ఈ లోకంలోకి వచ్చినవాళ్ళే, ఇక లెక్కెందుకు అని అధికారులే అన్నారట.

గెలిచాక ఆమెని ఆరోగ్యమంత్రిని చేశారు. రాజధానిలో పెద్ద ఆస్పత్రి కట్టాలనీ, పాలరాయి మెట్లు ఉండాలనీ మిగతా మంత్రులు నక్షాలు పరిచారు. ఊరూరా ఒక గది, ఒక నర్సు ఉండాలని ఆమె పట్టు. ఎంత చెప్పినా వాళ్ళ తలకెక్కలేదు. "సరే, ఒకసారి అందరం కలిసి ఒక ఊరు చూసొద్దాం" అంది. అందర్నీ బస్సెక్కించింది. బస్సు బురదలో దిగబడింది. మంత్రులంతా పంచెలు ఎగగట్టి, ప్యాంట్లు మడిచి తోశారు. ఆర్థికమంత్రి చెప్పు ఒకటి బురదలోనే ఉండిపోయింది. ఊరు చేరేసరికి పొద్దు వాటారింది.

"ఇప్పుడు మనం వచ్చిన దారినే నొప్పులతో ఉన్న పిల్ల రాజధానికి రావాలి, పాలరాయి మెట్లెక్కడానికి" అంది పెద్దక్క.

ఆర్థికమంత్రి తన ఒంటిచెప్పు కేసి చూసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సులోనే అంగీకారం కుదిరింది. ఊళ్ళలో గదులు లేచాయి. పదేళ్ళు పట్టింది. కొన్ని కురిశాయి, కొన్నిటికి నర్సులు దొరకలేదు, ఒకచోట ఊరి పెద్ద ఆ గదిలో గడ్డి నింపాడు. పెద్దక్క స్వయంగా వెళ్ళి, వాకిట్లో కూర్చుని, ఆ గడ్డి మోయించేదాకా కదల్లేదు.

ప్రధానమంత్రి పదవి ఖాళీ అయినప్పుడు పార్టీ పెద్దలు ఒక గదిలో చేరి కొట్లాడుకున్నారు. పొద్దుటి నుంచి టీలు లోపలికి వెళ్ళడమే గాని, పేరు బయటికి రాలేదు. ఇద్దరు పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. సాయంత్రం, అప్పటికి జుట్టంతా నెరిసిపోయిన ప్లీడరు లేచి, "అక్కగారే ఎందుకు కాకూడదు?" అన్నాడు. ఒక్కొక్కరే తలూపారు. అందరూ ఆమె కేసి తిరిగారు.

పెద్దక్క టీకప్పు కింద పెట్టింది. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, ఇంకోటొచ్చినా పట్టాలి. ఇచ్చెయ్యండి" అంది. ఆ రెండు మాటలతో పొద్దుటి నుంచీ మొహాలు ముడుచుకున్న పెద్దలంతా కడుపు పట్టుకు నవ్వారు. సామెతలో ఆ ఇంకోటి ఏమిటో మర్నాటి పత్రికలు అచ్చు వెయ్యలేకపోయాయి.

ఆరేళ్ళు ఆ పదవిలో ఉంది. ప్రధానమంత్రి బంగళాలో గదులు ఎక్కువై, బాకా మామ మొదటి వారం దారి తప్పి వంటగదికి బదులు రాయబారుల హాల్లోకి వెళ్ళాడు. సాధనకి మేడ దొరికింది. పదవిలో ఉన్నవాళ్ళకి బాకా ఊదేవాళ్ళు ఎప్పుడూ వందలకొద్దీ ఉంటారు. పెద్దక్క అలాంటివాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేసేది. "మా ఇంట్లో బాకా ఊదేవాడు ఒకడున్నాడు, అది భరించడానికే నాకు ఓపిక చాలదు" అనేది. లెక్కల టీచరైన కూతురు సెలవులకి వచ్చి, అమ్మ ఉపన్యాసాలన్నీ విని, "అమ్మా, నువ్వింకా కాన్పుల గురించే మాట్లాడుతున్నావు" అని వేళాకోళం చేసేది.

"దేశం ఇంకా పుడుతూనే ఉందే. అయిపోతే చెప్తాలే" అనేది తల్లి.

మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఇంకోసారి నిలబడమని అందరూ అడిగారు. అప్పటికి ఆమె వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. ఆ సంగతి తనకే ముందు తెలిసింది. చెయ్యి వణికిన రోజు మంత్రసాని పక్కకి తప్పుకోవాలని అమ్మ చెప్పేది, అదే మాట అందరితో చెప్పి, రెండు పెట్టెలు సర్దుకుని, భర్తతో కలిసి మిల్లు వెనక ఇంటికి వచ్చేసింది. ఇనుప మెట్లకి కొత్త రంగు వేయించారు. వచ్చిన మొదటి సాయంత్రం వీధంతా ముందుగదిలో ఇరుక్కుని కూర్చుంది.

వచ్చిన కొత్తలోనే, ఒక మధ్యాహ్నం పక్కింటి కోడలికి నొప్పులొచ్చాయి. వీధి చివరనున్న ప్రభుత్వ గదిలోంచి నర్సు వచ్చింది. గట్టిగా పాతికేళ్ళుండవు. పెద్దక్క అలవాటు చొప్పున చీర కుచ్చిళ్ళు దోపుకుని, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళబోయింది. నర్సు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"బామ్మగారూ, మీరు బయట కూర్చోండి. లోపల ఎక్కువమంది ఉండకూడదు."

నర్సు ధ్యాసంతా లోపలి పిల్ల మీదే ఉంది, ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోలేదు. పక్కింటావిడ కంగారు పడి నోరు తెరవబోయింది. పెద్దక్క కళ్ళతోనే ఆపింది. వచ్చి అరుగు మీద భర్త పక్కన కూర్చుంది. లోపలి నుంచి ఆ నర్సు మాటలు వినపడుతున్నాయి. తొందరపడొద్దు, నేనున్నాగా, ఊపిరి పీల్చు. గొంతులో కంగారు లేదు. మధ్యలో ఏదో జోకు వేసింది కాబోలు, నొప్పుల్లో ఉన్న పిల్ల నవ్వింది.

"విన్నారా?" అంది పెద్దక్క.

"ఏమిటి?"

"నవ్వించింది."

బాకా మామకి ఈమధ్య చెవులు సరిగా వినపడటం లేదు. అయినా తలూపాడు. ఆమె ముఖంలో అంత సంతోషం ఆయన ప్రమాణస్వీకారం రోజున కూడా చూడలేదు. కాసేపటికి లోపల పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అమ్మాయో అబ్బాయో ఇంకా ఎవరికీ తెలియదు. తలుపు తెరుచుకునేసరికి వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మం ముందు చేరారు. ముందు ఆ బిడ్డ నానమ్మ, ఆవిడ వెనక మేనత్త. పెద్దక్క వాళ్ళ వెనక నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుని, బిడ్డనెత్తుకోవడానికి తన వంతు కోసం ఎదురుచూసింది.